బూజుకర్ర

ఆ ఆదివారం ఆడపడుచు వస్తూ వస్తూ బూజుకర్ర తెచ్చింది. పళ్ళు కాదు, పిల్లకి బొమ్మ కాదు, బూజుకర్ర. ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టం లాగితే మనిషికి రెండింతల పొడుగు సాగుతుంది. చివర పచ్చరంగు నైలాను కుచ్చు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే దాన్ని తమ్ముడి భార్య చేతిలో పెట్టి, "ఇదుగో మరదలా, ఇక నిచ్చెన లేదన్న సాకు కూడా లేదు" అంది. నవ్వుతూనే అంది. ఆవిడ బళ్ళో టీచరు. ఆదివారం బడికి సెలవు గానీ ఆవిడకి కాదు.

కోడలు కర్ర అందుకుని గోడకి ఆనించింది. ఆమె బట్టలు కుట్టే మనిషి. ముందుగదిలో కుట్టుమిషను ఉంటుంది. వీధిలో అందరూ మిషనమ్మ అంటారు. గుడ్డపీలిక నేలమీద పడితే వంగి తీసేదాకా ఆమెకి ఊపిరాడదు. అలాంటి మనిషికి బూజుకర్ర బహుమానంగా ఇవ్వడమంటే చెంప మీద కొట్టి, దోమ వాలిందని చెప్పడమే. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. ఈ ఇంట్లో తోడికోడలు లేదు గనక ఆ పని కూడా ఆడపడుచే చూసుకుంటోంది.

వానలు పట్టి చాలా రోజులైంది. డబ్బాలో ఉప్పు నీరు కారుతోంది. తలుపులు ఉబ్బి, వేస్తే తెరుచుకోవు, తెరిస్తే పడవు. మూలనున్న తోలు చెప్పులు పచ్చగా పూశాయి. ఇవి వీధిలో అందరికీ ఉన్న బాధలే. కానీ ఈ ఇంటి వెనకగది సంగతి వేరు. అది అత్తగారి గది. అందులో గోడ వారగా ఒక ఇనప బీరువా ఉంది. ఆ బీరువా వెనకనుంచి రెండు పక్కలకీ బూజు పాకింది. నల్లగా, అంచుల్లో పచ్చగా, మసిచేతులు అద్దినట్టు. గదిలో అడుగుపెడితే తడి గోనెసంచి వాసన వచ్చేది.

"అబ్బబ్బ, ఇదేం గదే అమ్మా! గుహలా ఉంది" అంటూ ఆడపడుచు బూజుకర్ర పుచ్చుకుంది.

మన భాషలో ఒక చిక్కుంది. సాలీడు అల్లినదీ బూజే, రొట్టె మీద పూసేదీ బూజే, గోడకి పట్టేదీ బూజే. పేరొకటే పెట్టాక మందు కూడా ఒకటే అనుకోవడంలో తప్పు పట్టడానికేం లేదు. ఆవిడ దులపడం మొదలుపెట్టింది. ముందు గోడని, తర్వాత మరదల్ని.

"గోడకి ఇంత పట్టేదాకా ఏం చేస్తున్నావు? పొద్దస్తమానం మిషను తొక్కుతూ కూర్చుంటే గోడలు వాటంతటవే దులుపుకుంటాయా?"

"తుడిచాను వదినా. మళ్ళీ వస్తోంది."

"వస్తుంది మరి. పిలిస్తే ఎందుకు రాదు!"

నల్లటి పొడి సన్నగా రాలింది. మంచం మీద, దిండు మీద, అటుపక్క గోడ మీద కూడా రాలింది. మంచం చివర కూర్చున్న అత్తగారు దగ్గడం మొదలుపెట్టింది. దగ్గు ఆగలేదు. కోడలు మంచినీళ్ళు తెచ్చింది. ముసలావిడ ఒక గుక్క తాగి గ్లాసు తిరిగి ఇచ్చేసింది.

"అమ్మా, నువ్వయినా చెప్పకూడదూ దానికి?" అంది ఆడపడుచు.

అత్తగారు నేల చూపులు చూస్తూ, "నేను చెప్తూనే ఉన్నానమ్మా, దులపమని" అంది.

ఆ మాట కోడలికి సూదిలా దిగింది. వదిన అనడం కొత్తకాదు. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి అంటుంది, వెళ్ళిపోతుంది. కానీ అత్తగారు ఎప్పుడూ అనలేదు. మిషను పక్కనే స్టూలు వేసుకుని గుండీలు కుట్టేది, కాజాలు తీసేది, అంచులు మడిచేది అత్తగారే. ఇద్దరూ కలిసి నాలుగు చేతుల మనిషిలా పని చేసుకుంటారు. తను ఆ గోడని ఎన్నిసార్లు తుడిచిందో ఆవిడకి తెలుసు.

"సరే, నేనొకటి చెప్తాను వినండి" అంది ఆడపడుచు చేతులు దులుపుకుంటూ. "వచ్చే ఆదివారానికి ఈ గది బాగుపడకపోతే అమ్మని మా ఇంటికి తీసుకుపోతాను. హాల్లో దివాను వేయిస్తాను. మా ఆయన తెల్లారకుండానే లేచి అక్కడే పేపరు చదువుకుంటూ ఉంటారు. అమ్మకి తోడు కూడా."

"నేనెక్కడికీ రాను" అంది అత్తగారు.

"వస్తావో రావో నీ దగ్గునడుగు."

కోడలు భర్త వైపు చూసింది. ఆయన బస్సు కండక్టరు. బస్సులో 'జరగండి, జరగండి' అని అరిచే మనిషి ఇంట్లో మాత్రం తనే ఒక పక్కకి జరుగుతాడు. "అక్క చెప్పిందీ నిజమే కదా" అని గొణిగి టీవీ ముందుకు జరిగిపోయాడు.

ఆడపడుచు వెళ్ళాక కోడలు దుప్పట్లు మార్చింది. కూతురు వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. రెండో తరగతి చదువుతోంది. గొంతు సన్నం, కాళ్ళు సన్నం, అందుకని పిచిక అంటారు. ఈ మధ్యదాకా అది నాయనమ్మ పక్కలోనే పడుకునేది. వానలకి ముందు ఒకరోజు నాయనమ్మ, "నిద్రలో తంతోందమ్మా ఇది, నా నడుం విరుగుతోంది" అని హాల్లో పక్క వేయించింది. అప్పట్నుంచి పిచిక ఆ గదిలోకి రావాలంటే గుమ్మం దగ్గర ఆగి అనుమతి అడుగుతోంది.

"నాయనమ్మని అత్త తీసుకుపోతుందా?" అంది.

"పోదు" అంది కోడలు, తనకే చెప్పుకున్నట్టు.

మర్నాడు చూస్తే అటుపక్క శుభ్రమైన గోడ మీద కూడా సన్న చుక్కలు కనిపించాయి. ఉడకబెట్టిన నీళ్ళు తాగించినా అత్తగారి దగ్గు తగ్గలేదు. రంగులు వేసే ఆయన్ని పిలిపించింది. ఆయన వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని గోడని చాలాసేపు చూశాడు.

"దీన్ని ఎవరైనా దులిపారా?"

"మా వదిన."

"అయ్యో అమ్మా! ఇది సాలెగూడు కాదు దులిపితే పోడానికి. ఇది పిండి. దులిపితే ఎగిరి, ఎక్కడ తడి కనపడితే అక్కడ కాపురం పెడుతుంది. ముందు తడిపి, కదలకుండా చేసి, తర్వాత తుడవాలి."

"తుడుస్తాను. మీరు రంగు వేసిపెట్టండి. ఆదివారం లోపల."

"వెయ్యను. దీని మీద రంగు వెయ్యడమంటే స్నానం చెయ్యకుండా పౌడరు రాసుకోవడమే. నెల తిరక్కుండా పొరలుగా ఊడి వస్తుంది, మీరు నన్ను తిడతారు." ఆయన బీరువా పక్కన గోడని వేళ్ళతో కొట్టి చెవి ఆనించాడు. "లోపల పైపు పగిలిందమ్మా. అదీ సంగతి."

"ఆ గోడలో పైపు లేదండీ."

"ఉంటుంది. మీకు తెలీదు."

"ఇల్లు కట్టినప్పుడు మా మావగారు ఇక్కడే నిలబడి కట్టించారు. పైపు లేదు."

"లేకపోతే నీళ్ళెక్కణ్ణుంచి వస్తున్నాయి మరి?" అన్నాడు ఆయన విజయం సాధించినట్టు. పైపు బాగుచేయించి పిలవమని ఆయన వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు. "ఆఁ, తుడిచేటప్పుడు వెనిగరు వాడితే వెనిగరే వాడండి, బ్లీచింగు వాడితే బ్లీచింగే. రెండూ కలిపారా, ఆ పొగకి బూజు కంటే ముందు మీరు పోతారు."

సాయంత్రం భర్త డ్యూటీ నుంచి వచ్చి మేడ మీదకి ఎక్కి చూశాడు. పగులు లేదు. నీళ్ళు నిలిచిన చోటు లేదు. బయటివైపు గోడకి పచ్చ నాచు కూడా లేదు.

"బీరువా జరిపి చూద్దాం అత్తయ్యా" అంది కోడలు.

"దాని జోలికి వెళ్ళకు. కాళ్ళు తుప్పుపట్టి ఉన్నాయి, కదిపితే కూలుతుంది. అది మీ మావయ్య పెట్టిన చోటు."

"మావయ్య పోయాక రెండుసార్లు జరిపాం కదా."

"అప్పుడు జరిపితే ఇప్పుడూ జరపాలా? వద్దంటే వద్దు!"

ముసలావిడ గొంతు అంత లేవడం కోడలు వినలేదెప్పుడూ. ఆదివారం నాటి మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది, ఇప్పుడిదొకటి. సరే, మీ గోడ, మీ బీరువా అనుకుంది. అనుకున్నంత మాత్రాన ఊరుకోలేకపోయింది. అత్తగారు ఈ ఇల్లు దాటి వెళ్ళిందంటే కారణం దగ్గని ఎవరూ చెప్పుకోరు. 'ముసలిదాన్ని బూజులో పెట్టింది' అని చెప్పుకుంటారు. ఆ మాట వీధి చివరిదాకా వెళ్ళి, అక్కణ్ణుంచి కొలతలివ్వడానికి వచ్చే ప్రతి ఆడమనిషి నోట్లోంచి మళ్ళీ తిరిగి ఇంటికే వస్తుంది. ఇంటి పరువు సంగతి అటుంచితే, మిషను పక్కన ఆ స్టూలు ఖాళీగా ఉండటం ఆమె ఊహించలేకపోయింది.

మంగళవారం పొద్దున అత్తగారిని గుండీల డబ్బాతో ముందుగదిలో కూర్చోబెట్టి పనిలోకి దిగింది. మంచం గది మధ్యకి లాగింది. ఉబ్బిపోయిన కిటికీని అరచేత్తో గుద్ది తెరిచింది. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుంది. ఇస్త్రీ చేసేటప్పుడు బట్టల మీద నీళ్ళు చల్లే సీసాలో సబ్బునీళ్ళు పోసింది. గోడ మీద సన్నగా, తుంపరలా చల్లి ఆగింది. బూజు తడిసి, మెరిసి, గోడకి అతుక్కుపోయింది. అప్పుడు పాతగుడ్డతో ఒక్కో పట్టీ పైనుంచి కిందికి ఒకే వైపు తుడిచింది. తుడిచిన ప్రతిసారీ గుడ్డని మడిచి కొత్త మొహం పైకి తిప్పింది. గుడ్డ అంతా నల్లబడగానే దాన్ని ఉతకలేదు, సంచిలో వేసి మూతి కట్టింది. తుడిచిన చోట వెనిగరు పట్టించి, అది పని చేసుకునేదాకా పక్కగదిలో ఒక గౌను అంచు కుట్టుకుని వచ్చింది. మళ్ళీ తుడిచి, పొడిగుడ్డతో అద్ది, టేబులు ఫ్యాను గోడకేసి పెట్టింది. ఇల్లంతా పుల్లటి వాసన.

అంతసేపూ ముందుగదిలోంచి అత్తగారు అడుగుతూనే ఉంది. "బీరువా వైపు వెళ్ళట్లేదు కదా?" "అయిందా?" "ఇక చాల్లే అమ్మాయ్!"

బీరువా రెండు పక్కలా కనిపించినంత మేర తుడిచింది. గోడ తెల్లబడింది. ఆ రాత్రి వాన కూడా పడలేదు. అయినా బుధవారం పొద్దున ఆమె అరచెయ్యి గోడ మీద పెట్టి చూస్తే, మిగతా గోడంతా ఆరి, బీరువా అంచు దగ్గర మాత్రం చల్లగా, జిగటగా తగిలింది. వాన లేదు, పైపు లేదు, తడి ఉంది.

ఆ రోజు భర్తకి సెలవు. తల్లిని దగ్గు చూపించడానికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. వెళ్ళేముందు అత్తగారు గుమ్మం దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. "నా గది తలుపు వేసే ఉంచు. ఎవరూ వెళ్ళకండి" అంది. మెట్లు దిగి మళ్ళీ వెనక్కి చూసింది. ఆటో కదిలింది.

కోడలు వీధి తలుపు గడియ పెట్టి తిన్నగా వెనకగదిలోకి వెళ్ళింది.

బీరువా కింది అరలు ఖాళీ చేసింది. ఒక్కో కాలూ గునపంతో కొద్దిగా ఎత్తి, కింద తడిపిన గోనెపట్టా ముక్క దోపి, దానికి సబ్బు రాసింది. కాళ్ళకి తుప్పు లేదు, శుభ్రంగా ఉన్నాయి. ఒక మూల పట్టి లాగితే జానెడు వచ్చింది. రెండో మూల లాగింది. అలా ఒకసారి అటు, ఒకసారి ఇటు లాగుతూ, చెమటలు కక్కుతూ మనిషి పట్టేంత సందు చేసింది.

ఆమె కళ్ళు ముందు గీతని పట్టాయి. గౌను అంచు కొలవడానికి రోజూ సుద్దతో గీత గీసే కళ్ళవి. నేలలోంచి ఎక్కే చెమ్మయితే అడుగున మొదలవ్వాలి. పైనుంచి కారేదయితే కప్పు దగ్గర మొదలవ్వాలి. ఈ బూజు నడుం ఎత్తున, అడ్డంగా, తిన్నగా ఒక దారం పట్టి గీసినట్టు మొదలై కిందికి దట్టంగా పరుచుకుంది. ఆ ఎత్తున గోడకి అటొక మేకు, ఇటొక మేకు. రెంటికీ మధ్య బిగించి కట్టిన నాడా. అది తన మిషను డబ్బాలోది.

నాడా మీద మూడు గుడ్డలు వేలాడుతున్నాయి. ఒకటి ఆరింది, ఒకటి సగం ఆరింది, ఒకటి ఇంకా తడి. పాత దుప్పటి చింపి, అంచులు మడిచి చేత్తో కుట్టిన గుడ్డలు. కుట్టు చూస్తే మనిషి తెలిసిపోతుంది. పిల్లల గౌన్లకి రోజూ తన పక్కన కూర్చుని కుట్టే కుట్టే అది. కోడలు తడిగుడ్డ తీసి మొహం దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన. సబ్బు కింద ఇంకో వాసన. పిచిక చంటిపిల్లగా ఉన్నప్పుడు రోజూ ఉతికిన వాసనే.

ఆమెకి ముందు వచ్చింది జాలి కాదు, కోపం. ఒక్క మాట చెబితే ఏం పోయింది? గోడలు తోమి తోమి చేతులు పగిలాయి. వదిన అన్నన్ని మాటలంటే తేలు కుట్టిన దొంగలా కూర్చుని, పైగా 'నేను చెప్తూనే ఉన్నాను' అంది. ఎంత మాట! గబగబా వెళ్ళి ఫోను తెచ్చింది. ఈ నాడా, ఈ గుడ్డలు, ఈ గీత అన్నీ ఉన్నవున్నట్టు ఫొటో తీసి వదినకి పంపాలి. ఇదుగో మీ బూజు, దులుపుకోండి అని రాయాలి.

ఫోను ఎత్తి పట్టుకుంటే తెర మీద మేకు కనిపించింది. వంకరగా దిగింది. చుట్టూ సున్నం పెళ్ళలు ఊడి ఉన్నాయి. చాలా దెబ్బలు గురి తప్పాయి.

వానలకి ముందు ఒకరోజు అత్తగారు సుత్తి అడిగింది. దేనికత్తయ్యా అంటే ఫొటో తగిలించుకుంటానంది. ఇచ్చింది. ఏ ఫొటో అని తను అడగలేదు. ఏ ఫొటో రాలేదని గమనించనూ లేదు. పొద్దువాలాక ఆవిడ మంచినీళ్ళు ముట్టడం మానేసింది. వయసు అనుకుంది. స్నానాల గదిలో సబ్బు తొందరగా అరుగుతుంటే పిచికని కోప్పడింది. పిల్లని ఆవిడే పక్కలోంచి హాల్లోకి పంపేసింది. ఆవిడ చెయ్యి పట్టేంత సందులో, వెలుతురు లేకుండా, గుడ్డలు తడుముకుంటూ ఆరేసుకుంది. వదిన ఇంట్లో, తెల్లారగట్ల హాల్లో అల్లుడు పేపరు చదువుకుంటూ ఉండగా, దివాను మీద... కోడలు ఆ పైన ఆలోచించలేదు. 'నేనెక్కడికీ రాను' అన్న మాట ఇప్పుడు అర్థమైంది. కోపం పూర్తిగా పోలేదు గానీ ఫోను మాత్రం మంచం మీద పెట్టేసింది.

నాడా విప్పి మేకులు పీకింది. సీసా, గుడ్డలు, వెనిగరు తెచ్చి ఆ గోడ కూడా పైనుంచి కిందికి తుడిచింది. మూడు గుడ్డల్నీ మళ్ళీ ఉతికింది. వెనక వరండాకి వచ్చి చుట్టూ చూసింది. అక్కడ పైకప్పు ఉంది, జల్లు పడదు, రెండు వైపులనుంచీ గాలి వస్తుంది. కానీ తాడు కట్టడానికి ఒక పక్కే కొక్కెం ఉంది. అప్పుడామెకి బూజుకర్ర గుర్తొచ్చింది. కుచ్చు ఊడదీసి, గొట్టాలు సాగదీసి, కొక్కేనికీ కిటికీ చువ్వకీ మధ్య అడ్డంగా కట్టింది. సరిగ్గా సరిపోయింది. దాని మీద తన బట్టలు, పిచిక బడి బట్టలు, వాటి మధ్య ఆ మూడు గుడ్డలు ఆరేసింది.

ఆటో వచ్చేసరికి బీరువా గోడకి మూరెడు దూరంలోనే ఉంది.

"ఎవరు కదపమన్నారు?" అంది అత్తగారు గుమ్మంలోనే. తర్వాత గోడ చూసింది. మేకులున్న చోట రెండు చిన్న చిల్లులు తెల్లగా కనిపిస్తున్నాయి. ఆవిడ చెయ్యి మంచం కోడు కోసం వెతుక్కుంది.

"తాడు పాతదైపోయిందత్తయ్యా" అంది కోడలు దుప్పటి మడతపెడుతూ. "వెనక వరండాలో కొత్తది కట్టాను. అక్కడ గాలి బాగా వస్తోంది. ఇకనుంచి అన్నీ అక్కడే ఆరేద్దాం. ఇక్కడ కిటికీ పొద్దున్నే తీసేస్తాను. బీరువా మాత్రం ఇలా ఎడంగానే ఉంటుంది, గోడకి ఊపిరాడాలి."

ముసలావిడ కూర్చుంది.

"వాడికి చెప్పావా?" అంది మెల్లగా.

"లేదత్తయ్యా."

భర్త మందుల పొట్లంతో లోపలికి వచ్చి బీరువా చూసి నోరు తెరిచాడు. "ఒక్కదానివే లాగావా? పైపు దొరికిందా?"

"దొరికింది. బాగుచేశాను."

"ఎక్కడుంది?"

"మీకెందుకు? వెళ్ళి స్నానం చెయ్యండి."

ఆయన అలవాటు ప్రకారం పక్కకి జరిగాడు.

మర్నాడు కోడలు కొలతల బట్టలు పక్కన పెట్టి కొత్త పని మొదలుపెట్టింది. అడుగున రెక్సిను, దాని మీద పాత తువ్వాళ్ళు మూడు వరసలు, పైన మెత్తటి నూలుగుడ్డ. అన్నీ కలిపి మంచం వెడల్పుకి కత్తిరించి, కదలకుండా గళ్ళు గళ్ళుగా కుట్లు వేసింది. అత్తగారు ఎప్పటిలాగే స్టూలు మీద కూర్చుని గుండీలు ఏరుతూ దాన్ని ఓరకంట చూస్తోంది.

"ఏంటది?"

"పరుపుకి. చెమ్మ ఎక్కకుండా."

అత్తగారు ఒక గుండీ తీసింది, డబ్బాలో వేసేసింది, ఇంకోటి తీసింది. "ఈ వానాకాలం మహా చెడ్డదమ్మా" అంది.

"అవునత్తయ్యా."

"ఇటివ్వు. మూలలు నువ్వెప్పుడూ సరిగ్గా తిప్పవు." సూదిలో దారం ఎక్కించి ఆవిడ తనే అంచు చుట్టూ కుట్టింది. ఆదివారంలోగా అలాంటివి రెండు తయారయ్యాయి. సాయంత్రం పూట ఆవిడ నిండు గ్లాసు మంచినీళ్ళు తాగడం కోడలు చూసింది. చూడనట్టు మిషను తొక్కింది.

ఆదివారం ఆడపడుచు సంచీ తెచ్చుకుంది, తల్లి బట్టలు సర్దడానికి. వస్తూనే వెనకగదిలోకి వెళ్ళింది. కిటికీ తెరిచి ఉంది. గాలి పీల్చి చూసింది. గోడ మీద వేలు రాసి వెలుతురులో పెట్టి చూసింది. వేలు తెల్లగానే ఉంది.

"చూశావా! మనసు పెడితే ఎంతసేపు!" అంది మరదలితో. "నేనిచ్చిన కర్ర పనికొచ్చిందన్నమాట."

"బాగా పనికొచ్చింది వదినా."

"ఇంతకీ ఎందుకు పట్టిందట అంత బూజు?"

కోడలు ఒక్కక్షణం ఆగింది. "నేనే సరిగ్గా చూసుకోలేదు వదినా."

మంచం మీద అత్తగారి చేతిలో సూది ఆగింది.

"ఆ మాట అప్పుడే ఒప్పుకుంటే ఇంత గొడవుండేదా?" అని ఆడపడుచు సంతృప్తిగా సంచీ మడతపెట్టి, చేతులు కడుక్కోవడానికి వెనక వరండాలోకి వెళ్ళింది. అక్కణ్ణుంచి ఆవిడ గొంతు వినిపించింది. "ఇదేంటి! నా కర్ర బట్టలారేసే దండెం చేశారా?" అందరూ వరండాలోకి వచ్చారు. కర్ర మీద కొత్త పరుపుగుడ్డ ఒకటి ఆరుతోంది. ఆవిడ దాన్ని ఎత్తి అడుగున రెక్సిను చూసింది, పక్కనే ఉన్న మడత గుడ్డల్ని చూసింది. మొహంలోకి నవ్వు వచ్చింది.

"ఓహో! పిచికా, ఇలా రావే. రెండో తరగతికొచ్చావు, ఇంకా పక్క తడుపుతున్నావుటే? మీ బళ్ళో చెప్పనా?"

"నేను కాదత్తా."

"నువ్వు కాకపోతే మీ నాన్నా?"

నాన్న కూడా నవ్వాడు. పిచిక మొహం ఎర్రబడింది. "నేను కాదు. అమ్మా, చెప్పవే, నేను కాదు" అంది.

కోడలు నోరు తెరిచింది. తన మీద వేసుకోవడమయితే సులువే, ఇందాకే వేసుకుంది. ఇప్పుడు పిల్లని తప్పించాలంటే ఆ ముసలావిడ పేరు చెప్పాలి. చెప్పకపోతే పిల్ల చెయ్యనిదానికి తలొంచుకోవాలి. "వదినా, అవి..." అని ఆగిపోయింది.

"దాన్ననకు. అవి నావి."

అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"పక్క తడిపేది నేను. బీరువా వెనక దాచుకుని ఆరేసుకుంది నేను. ఆ గోడకి పట్టిన బూజు నాది. నువ్వు కోడల్ని దులుపుతుంటే వింటూ కూర్చున్నాను. పైగా ఒక మాట కలిపాను. ఇప్పుడీ పసిదాన్ని దులుపుతుంటే కూడా వింటూ కూర్చోమంటావా?"

ఆడపడుచు చేతిలో పరుపుగుడ్డ అలాగే ఉండిపోయింది. "అమ్మా... నాతో చెప్పచ్చు కదే" అంది. టీచరు గొంతు కాదది.

"నీతో చెబితే హాల్లో దివాను వేయిస్తావు."

తమ్ముడు నేల చూశాడు. ఈసారి జరగడానికి చోటు లేదు. ఆడపడుచు ఆ గుడ్డని తిరిగి కర్ర మీద వేసి, ముడతలు లేకుండా రెండు చేతులతో సరిచేసింది. మరదలి వైపు చూడబోయి చూడలేకపోయింది. అత్తగారు మాత్రం చూసింది. కోడలి కళ్ళలోకి తిన్నగా చూసి, "తప్పయిపోయిందమ్మాయ్" అంది. కోడలికి ఏడుపొచ్చింది. ఆమె దాన్ని దాచుకోలేదు.

పిచికకి ఇవేవీ పట్టలేదు. అది కనుబొమ్మలు ముడిచి ఏదో లెక్క తేల్చుకుంటోంది.

"అయితే నాయనమ్మా, నేను నిద్రలో తన్ననా?"

ముసలావిడ గుమ్మం వదిలి మనవరాలి తల మీద చెయ్యి వేసింది.

"తన్నవే తల్లీ. నువ్వెప్పుడూ తన్నలేదు."

పిచిక ఇంకేం అడగలేదు. హాల్లోకి పరిగెత్తి తన దిండు తెచ్చుకుని, గుమ్మం దగ్గర ఆగకుండా తిన్నగా వెనకగదిలోకి వెళ్ళిపోయింది.